శిశుశ్రవణానికి జానపద కథల ఎంపిక – పాఠభేదాల సాక్ష్యం

జానపద కథను పిల్లలకు చెప్పే బాధ్యత ఇంటి పెద్దల నుండి బడికి, గ్రంథాలయానికి, బాలల సంఘాలకు సంక్రమించి చాలా కాలమైనది. తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో నెలకొల్పిన ఆంధ్ర బాలానంద సంఘం, ఆకాశవాణిలో వారు నడిపిన పిల్లల కార్యక్రమాలు ఈ మార్పునకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. గుజరాతులో గిజుభాయి బధేకా (1885–1939) కథాకథనాన్ని ఒక శాస్త్రంగా భావించి దానిపై గ్రంథమే రచించాడు. ఆయన ‘దివాస్వప్న’లోని ఉపాధ్యాయుడు అదుపు తప్పిన తరగతిని మొదట దగ్గరకు తీసుకొన్నది కథతోనే. ఆంగ్లంలో మేరీ షెడ్‌లాక్ 1915లో కథకుల కళను గురించి ప్రత్యేక గ్రంథం ప్రకటించింది. కథ చెప్పే విధానాన్ని గురించి ఈ విధంగా కొంత విచారణ జరిగినది. చెప్పదగిన కథను ఎక్కడ, ఎట్లా వెదకాలి అనే విషయంపై మాత్రం తెలుగులో చర్చ స్వల్పం.

ఇంటి అవ్వకు ఈ ప్రశ్న ఎదురు కాలేదు. ఆమె కథను చెప్పడానికి ముందు దానిని పలుమార్లు విని ఉన్నది. విన్నవానిలో నిలిచినవే ఆమె నోట వెలువడినవి. అంటే ఎంపిక ఆమెకు పూర్వమే, తరాల నోళ్లలోనే జరిగిపోయినది. ఉపాధ్యాయుడు ఇందుకు విరుద్ధంగా అచ్చు పుస్తకం నుండి బయలుదేరుతాడు. ఆ పుస్తకంలోని కథ తరచు ఎవరో విన్న కథకు సంగ్రహం మాత్రమే. దానినే చదివి వినిపిస్తే మూడు నిమిషాలలో కథ ముగుస్తుంది, పిల్లలు కిటికీ వంక చూస్తారు. ప్రాచ్య కళాశాలలలో చదివి పాఠశాలలకు తెలుగు పండితులుగా వెళ్లే విద్యార్థుల విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టం. సంస్కృతాంధ్ర కథావాఙ్మయం వారి చేతిలో ఉన్నది. కాని వారు పొందిన శిక్షణ పఠనానికి, వ్యాఖ్యానానికి సంబంధించినది. అయినప్పటికి ఆ శిక్షణలోనే ఒక భాగం, అనగా పాఠభేదాల పరిశీలన, కథల ఎంపికకు సూటిగా ఉపకరిస్తుంది.

చెవి కోరే నిర్మాణం

మొదట వాఙ్మయంలో లేని, నోటనే నిలిచిన కథలను చూడవలసి ఉన్నది. తెలుగు పిల్లలలో ఏడు చేపల కథ వినని వారు అరుదు. రాజు, ఏడుగురు కొడుకులు, వేట, ఏడు చేపలు, వానిలో ఎండని ఒక చేప. అక్కడి నుండి ప్రశ్న చేప మీద నుండి గడ్డి మీదకు, గడ్డి మీద నుండి ఆవు మీదకు, ఆవు నుండి కాపరికి, కాపరి నుండి అన్నం పెట్టవలసిన అవ్వకు (కొన్ని పాఠాలలో అమ్మకు), ఆమె నుండి ఏడ్చిన పాపకు, చివరకు కుట్టిన చీమకు చేరుతుంది. రాజు గాని, అతని కొడుకులు గాని మళ్లీ కథలో కనిపించరు. లిఖిత కథలో ఇది దోషమనిపించుకొంటుంది. వినే కథలో ఎవరూ రాజును గురించి అడగరు.

డెన్మార్కు పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ 1909లో ప్రకటించిన జానపద కథన సూత్రాలలో ఒక సన్నివేశంలో ఇద్దరే ఉండడం, చెప్పినదే మళ్లీ చెప్పడం ముఖ్యమైనవి. ఏడు చేపల కథలో ప్రతి మెట్టులోను అడిగేవారొకరు, బదులిచ్చేవారొకరు. మూడవ పాత్ర అడ్డు రాదు. ప్రతి ఒక్కరు తప్పును తరువాతి వారి మీదకు నెట్టుతారు. చీమ మాత్రం నెట్టదు, తన ఇంటికి వచ్చిన ఆపదను చెప్పి గొలుసును అక్కడితో ఆపుతుంది. అల్పప్రాణికి దక్కిన ఈ చివరి మాటకు పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు తరువాత నీతివాక్యం చేరిస్తే చీమ చెప్పిన దానిని ఉపాధ్యాయుడు వెనుకకు తీసుకొన్నట్లే అవుతుంది.

ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ మరొక జాతిది. ఏడు చేపల కథలో ప్రతి కొంకి తన ముందరి కొంకిని మాత్రమే పట్టుకొంటుంది. ఈగ కథలో అట్లా కాదు. దూడ, దూడను కన్న ఆవు, ఆవును కాచే కాపరి, కాపరి చేతిలోని కర్ర – ఇట్లా సంబోధన ప్రతి మలుపులోను పెరుగుతూ పోతుంది. పెరిగిన మేర అంతా మళ్లీ చెప్పవలసిందే. చివరకు గుర్రం, దాని కడుపులోని పిల్ల. ఆ పిల్ల సకిలింపులో ఈగకు తన పేరు వినిపిస్తుంది. ఈ ముగింపు కాగితం మీద నిలవదు. సకిలింపును అక్షరాలలో వ్రాసినప్పుడు అది వివరణ అవుతుందే గాని ధ్వని కాదు. నాలుగైదేళ్ల పిల్లలకు మొదటి జాతి కథ, జ్ఞాపకశక్తిని ఆటగా భావించే ఆరేడేళ్ల వారికి రెండవ జాతి కథ తగినవి. ఆర్నె, థాంప్సన్ రూపొందించిన కథావర్గ సూచిలో ఇటువంటి సూత్రబద్ధ కథలకు 2000 సంఖ్య నుండి ప్రత్యేక స్థానమున్నది. థాంప్సన్, రాబర్ట్స్ 1960లో భారతీయ మౌఖిక కథలకు వేరుగా సూచి సమకూర్చారు. హాన్స్ యోర్గ్ ఊథర్ 2004లో మొత్తం సూచిని సంస్కరించాడు. శిశువులకు కథ వెదికే వారు మొదట తెరవవలసినది ఈ చివరి వర్గాన్నే.

ఈగ కథకు మరొక జీవితం కూడ ఉన్నది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ అనే కథలో ఇంటి పనిలో తన పేరును మరచిన గృహిణిని చిత్రించినది. తరతరాలుగా ఇల్లలికిన స్త్రీలే ఈగ కథను పిల్లలకు చెప్పినారన్న సంగతి ఆ రచన తరువాత మరచిపోవడం కష్టం.

పంచతంత్రం నుండి విడదీయడం

ఉపాధ్యాయుడు మొదట చేయి చాచేది పంచతంత్రానికే. మందబుద్ధులైన ముగ్గురు రాజపుత్రులను ఆరు నెలలలో నీతిజ్ఞులను చేయడానికి విష్ణుశర్మ చెప్పిన కథలుగా అది ప్రసిద్ధం కనుక పిల్లల గ్రంథమన్న భావన స్థిరపడినది. రాజపుత్రులు శిశువులు కారు. వారికి బోధించిన నీతి రాజనీతి. ఈ భేదాన్ని విస్మరించడం వలన కలిగే చిక్కుకు సింహము–కుందేలు కథ మంచి ఉదాహరణ. మిత్రభేదంలో ఈ కథను వినియోగించేది దమనకుడు. సింహానికి, ఎద్దుకు గల స్నేహాన్ని ఉపాయంతో చెరచవచ్చునని చూపడానికే అతడు దానిని చెప్పుతాడు. బాలల పుస్తకాలలో ఆ కథకు బుద్ధిబలమే గొప్పదన్న నీతి తగిలించడం పరిపాటి. రెండు నీతులు ఒకే కథకు అతికినవంటే నీతి కథలో లేదు, కథను పెట్టిన చోటులో ఉన్నదని తేలుతుంది. కనుక చట్రం నుండి విడదీసి పిల్లలకు చెప్పేవారు పాత నీతిని మోయనవసరం లేదు, కొత్తదానిని వెదకనవసరమూ లేదు.

విడదీసిన తరువాత ఏ పాఠాన్ని చెప్పాలి? హితోపదేశంలో దుర్దాంతుడనే సింహం బావి నీటిలో తన ప్రతిబింబాన్ని మాత్రమే చూచి దూకుతుంది. పంచతంత్రం యొక్క ప్రచలిత పాఠంలో భాసురకుడనే సింహం బావిలోకి గర్జిస్తుంది, రెట్టింపు ప్రతిధ్వని పైకి వస్తుంది, అప్పుడు దూకుతుంది. చదువరికి రెండూ సమానమే. శ్రోతలకు కావు. ప్రతిబింబం కంటికి సంబంధించినది. కథ చెప్పేవాడు దానిని వర్ణించగలడే గాని చూపలేడు. ప్రతిధ్వనిని తరగతి మొత్తం కలిసి చేయగలదు. ఇక్కడ పంచతంత్ర పాఠమే గ్రాహ్యం. సింహం పేరు పాఠానికొకటిగా మారినది కనుక పేరే లేకుండ చెప్పినా నష్టం లేదు.

ఈ చిన్న ఉదాహరణ ఒక పద్ధతికి దారి చూపుతున్నది. ఎడ్గర్టన్ 1924లో పంచతంత్ర పాఠాలను సరిపోల్చి లుప్తమైన మూలాన్ని పునర్నిర్మించడానికి పూనుకొన్నాడు. కథకునికి మూలంతో పని లేదు. కాని అదే సరిపోలిక అతనికి మరొక విధంగా పనికివస్తుంది. పాఠాలన్నిటిలోను మారకుండ నిలిచినది కథకు నిట్రాడ. పాఠానికొక విధంగా మారినది తడిక. తడికను దేశకాలాలను బట్టి మార్చుకోవచ్చు. నిట్రాడను కదిపితే ఇల్లే ఉండదు.

ముంగిస కథ ఇందుకు కఠినమైన పరీక్ష. హితోపదేశంలో శిశువుకు కాపలా ఉన్న తండ్రి శ్రాద్ధ నిమిత్తం రాజగృహానికి వెళ్లివచ్చి ముంగిసను చంపుతాడు. పంచతంత్రం యొక్క ప్రచలిత పాఠంలో నీళ్లు తెచ్చిన తల్లి ఆ కుండనే దాని మీద పడవేస్తుంది. చంపినది ఎవరు, దేనితో అన్నవి మారినవి. పాము, నెత్తురు అంటిన మూతి, విచారించకుండ చేసిన వధ, తరువాతి శోకం ఎక్కడా మారలేదు. కొందరు ఉపాధ్యాయులు పిల్లల మనసు నొచ్చుకొంటుందని ముంగిసను చివరకు బ్రతికిస్తారు. ఉద్దేశం మంచిదే. కాని బ్రతికిన ముంగిసతో మిగిలేది ఒక పొరపాటు, ఒక కట్టు. అది కథ కాదు. ఈ కథను అయిదేళ్ల వారికి చెప్పకుండ ఉంచి, తొమ్మిది పదేళ్ల వారికి ఉన్నది ఉన్నట్లు చెప్పడం సమంజసం. చెప్పిన తరువాత కొంతసేపు తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని ప్రశ్నలతో భంగపరచకుండ ఉండడం కూడ ఉపాధ్యాయుడు నేర్వవలసిన విషయమే.

కోతి–మొసలి కథలో పద్ధతి మరింత సూక్ష్మమైన ఫలితాన్నిస్తుంది. లబ్ధప్రణాశంలో కోతి ఉన్నది నేరేడు చెట్టు మీద. సుంసుమార జాతకంలో గుండె వ్రేలాడుతున్నదని కోతి చూపినది మేడి చెట్టును. పండు మారవచ్చునన్నమాట. అయితే అంతకంటె పెద్ద భేదమొకటి ఉన్నది. పంచతంత్రంలో కోతి, మొసలి చిరకాల మిత్రులు. జాతకంలో వారికి పూర్వస్నేహం లేదు. ఆవలి ఒడ్డున మంచి పండ్లున్నవని మొసలి ఆశ చూపి మోసగిస్తుంది. స్నేహం కూడ తడికేనా? ఒక విధంగా ఔను, అది లేకుండ కూడ కథ నిలుస్తుంది. కాని అప్పుడది యుక్తి కథ. స్నేహం చేరినప్పుడు ద్రోహం కథ. చిన్నవారికి జాతక పాఠం, స్నేహాలలో చేరి విడిపోవడం ఆరంభమైన వయసు వారికి పంచతంత్ర పాఠం అని విభజించుకొంటే ఒకే కథ రెండు తరగతులకు రెండు కథలుగా అందుతుంది.

కులనామాలు, ఇతర చిక్కులు

మౌఖిక కథలలో వృత్తికులాల వారిని తెలివితక్కువవారుగా, లోభులుగా చూపేవి ఉన్నవి. సవతి తల్లిని, అత్తను, ఒంటికన్ను వానిని గురించి కూడ ఇట్లే. ఒక ఇంటి అరుగు మీద ఆ ఇంటి పిల్లలకే చెప్పినప్పుడు ఆ మాట ఎవరికీ తగలలేదని అనుకొన్నారు. తరగతి గది అటువంటిది కాదు. అక్కడ ఆ కులం బాలుడు, ఆ లోపం ఉన్న బాలిక కూర్చుని ఉంటారు. మిగిలినవారు వెనుదిరిగి చూస్తారు. కథ అయిపోయిన తరువాత ఆ పేరు ఆటస్థలంలో మారుపేరవుతుంది. సంప్రదాయ రక్షణ పేరుతో దీనిని సమర్థించడం తగదు.

ఇక్కడ కూడ పాఠభేదాలు తోడ్పడతాయి. పులితోలు కప్పుకొన్న గాడిద కథలో పంచతంత్రం గాడిదకు యజమానిగా చాకలిని చెప్పినది. సీహచమ్మ జాతకంలో యజమాని తిరుగుడు వర్తకుడు, తోలు సింహానిది. కనుక యజమాని వృత్తి కథకు నిట్రాడ కాదు. గాడిద ఉన్నవాడెవడైనా చాలును. ఓండ్రపెట్టడం మాత్రం మారదు, మారకూడదు. పిల్లలు ఎదురుచూచేది దానికోసమే. వృత్తిని తొలగించగానే కథలో హాస్యమంతా పోయినదంటే ఆ హాస్యం కులదూషణ మీద మాత్రమే నిలిచినదని అర్థం. అటువంటి కథను పరిశోధకుడు భద్రపరచవలసినదే. ఉపాధ్యాయుడు చెప్పవలసిన అవసరం లేదు.

తెలుగు కావ్యాల నుండి లభించేది తక్కువ. శుకసప్తతి, హంసవింశతి రాత్రిపూట చెప్పిన కథలే గాని నిద్రపుచ్చడానికి చెప్పినవి కావు. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఏరుకోదగినవి కొన్ని ఉన్నవి. అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం వీటన్నిటిలో ప్రత్యేకమైనది. పులికి మాట యిచ్చి దూడకు పాలివ్వడానికి వచ్చి, బుద్ధులు చెప్పి, తిరిగి వెళ్లిన ఆవు కథ అది. కన్నడ జానపదులు పుణ్యకోటి పేరుతో పాడుకొనే గేయంలోను ఇదే కథ. కావ్యంలో ఆవు చెప్పే బుద్ధులు విస్తారం; శ్రోతలైన పిల్లలకు వానిలో రెండు మూడు చాలును. కన్నడ గేయంలో పులి ఆవును తినలేక తానే ప్రాణం విడుస్తుంది. ఆ ముగింపును పసివారికి చెప్పవచ్చునా అన్నది న్యాయమైన సందేహం. ఇచ్చిన మాటకు ఆవు తిరిగి వెళ్లడం నిట్రాడ అనడంలో సందేహం లేదు. పులి మనసు మారడం కూడ అంతే. మారిన మనసును పులి ఏ విధంగా ప్రకటించినదన్నది వేరు. ఆవును విడిచి అడవిలోకి వెళ్లిపోయినదని చెప్పితే చిన్నవారికి కథ చెడదు.

చిన్నయసూరి నీతిచంద్రిక (1853) గురించి ఒక మాట అవసరం. తెలుగు పండితునికి అది కంఠస్థమైనంతగా మరేదీ కాదు, కనుక కథ చెప్పేటప్పుడు నాలుక ఆ వాక్యాలవైపే మొగ్గుతుంది. గద్యరచనకు ఒరవడిగా తీర్చిన ఆ దీర్ఘవాక్యం చదువుకోవడానికి ఉద్దేశించినది. ఒక్కసారి విని విడిచే చెవికి అది అందదు. కథను నీతిచంద్రిక నుండి తీసుకోవచ్చు, భాషను ఆ ఊరి నుండి తీసుకోవాలి. రాయలసీమ బడిలో ఒక మాట, కళింగాంధ్రలో ఒక మాట, తెలంగాణలో ఒక మాట పలికినంత మాత్రాన కథ భ్రష్టం కాదు.

మర్యాద రామన్న పేర ప్రచారంలో ఉన్న తీర్పు కథలు పెద్ద తరగతులకు అనువైనవి. నలుగురు భాగస్థులు పత్తిని కాపాడడానికి పిల్లిని కొని కాలికొకరు పంచుకోవడం, గాయపడిన కాలి కట్టుకు నిప్పంటుకొని పత్తి కాలడం, నష్టం ఎవరిదన్న తగవు – ఇంతవరకు చెప్పి ఆపి, తీర్పును తరగతికి విడువవచ్చును. కుంటికాలితో పిల్లి పరుగెత్తలేదు కదా అన్న వాదం తరచు పిల్లల నుండే వస్తుంది. బేతాళ కథలకు కూడ ఇదే లక్షణమున్నా, కథాసరిత్సాగరంలోని వానిలో చాలా భాగం వయోజనుల వివాహ మరణ సమస్యలు. 1947 జూలైలో ఆరంభమైన ‘చందమామ’ ఆ చట్రాన్ని నిలుపుకొని లోపలి కథలను బాలలకు తగినట్లు రచింపజేసినది. అవి చదువుకోవడానికి మంచి కథలు. చెప్పడానికి వానిని తిరిగి విప్పి అల్లుకోవలసి వస్తుంది.

బ్రతికి ఉన్న కథకుల నుండి

అచ్చయిన సంకలనాలలో ప్రతి కథకు చెప్పినవారెవరు, ఏ ఊరు, ఎవరికి చెప్పినారు అన్న వివరాలున్నవా అని చూడడం మంచిది. 1868లో మేరీ ఫ్రియర్ ప్రకటించిన దక్కను కథల సంపుటిలో వానిని చెప్పిన అన్నా లిబరాటా డిసౌజా పేరే కాక ఆమె జీవితకథ కూడ చేర్చినారు. తరువాతి సంకలనకర్తలలో చాలామంది ఈ పాటి మర్యాద పాటించలేదు. కథకురాలి వివరాలు లేని కథ సంగ్రహమై ఉండే అవకాశం ఎక్కువ.

అందుచేత ప్రాచ్య కళాశాల విద్యార్థి ఒక్కొక్కరు తమ ఇంటి నుండి ఒక్కొక్క కథను సేకరించి తీసుకొని రావడం కేవలం జానపద విజ్ఞాన విభాగాలకే పరిమితం కానవసరం లేని అభ్యాసం. ఇందులో ఒక నియమం ముఖ్యమైనది. పరిశోధకుడు ఒంటరిగా ఎదుట కూర్చుంటే వృద్ధురాలు కథాసారాన్ని మాత్రమే చెప్పుతుంది, ఎందుకంటే ఎదుట ఉన్నవానికి కథ అవసరం లేదని ఆమెకు తెలుసు. ఊ కొట్టే పసివాడు ఒక్కడు పక్కన ఉంటే అదే కథ మూడింతలు పెరుగుతుంది: ధ్వనులు, పునరుక్తులు, మధ్యలో వేసే ప్రశ్నలు అన్నీ వస్తాయి. ఊ కొట్టడం ఆగితే కథ ఆగుతుందన్న నియమం ఇంటిలో ఉన్నది. ముప్పైమంది ఉన్న తరగతిలో ఆ ఊను ఒక వరుసకు ఒకసారి అప్పగించి కొనసాగించే ఉపాధ్యాయులు ఉన్నారు.

గుణాఢ్యుడు బృహత్కథను ఒక్కొక్క పత్రమే చదివి అగ్నిలో వేస్తుండగా అడవి మృగాలు మేత మాని విన్నవని, అవి చిక్కిపోవడం వలన వంటశాలకు ఎండు మాంసమే చేరి సాతవాహనుడు అస్వస్థుడైనాడని కథాసరిత్సాగరం చెప్పుతున్నది. ఏడు లక్షల శ్లోకాలలో ఆరు లక్షలు దగ్ధమైన తరువాత గాని రాజు అక్కడికి రాలేదు.

సేకరించిన కథను విద్యార్థి మొదట ధ్వనిముద్రణ నుండి మాట మాటగా వ్రాసుకొని, ముద్రిత పాఠాలు లభిస్తే పక్కన పెట్టి, మారినవానిని ఒక గుర్తుతో, మారనివానిని మరొక గుర్తుతో సూచించుకోవలసి ఉంటుంది. తిరిగి వచ్చే పలుకుబడులను కంఠస్థం చేయాలి. తక్కిన దానిని చేయకూడదు. తరువాత పిల్లలకు చెప్పినప్పుడు వారు ఎక్కడ అడ్డు వచ్చినారో, ఏ మాటకు అర్థం అడిగినారో, ఏ జంతువు పేరు మార్చమన్నారో అదే ప్రతి అంచున వ్రాసి ఉంచాలి. రెండవసారి చెప్పేటప్పుడు ఈగ వరుసలో కర్రకు తరువాత ఏది వస్తుందో మరచినవాడు ఆ అంచును చూడనక్కర లేదు. ముందు వరుసలోని వారు చెప్పుతారు.